ఒక్క రెక్క మూసిన తలుపు

ఆ శుక్రవారం ఉదయం ఫిలొమేనా వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నానికి మిలాన్ నుంచి మొదటి అతిథులు దిగుతారు. వాళ్ళకి చేపల పులుసు, వంకాయ కూర పెట్టాలి. ఆలివ్ తోటల మధ్య కూలిపోతున్న మామగారి రాతి ఇంటిని ఆరేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని నిలబెట్టి, విడిది ఇల్లుగా మార్చారు మొగుడూ పెళ్ళాలు. వెలితల్లా ఒక్కటే. అదే ఇంట్లో పుట్టిన బావగారు కోసిమో, "అమ్మెయ్యరా అంటే వినవు, ఇక ఆ గడప తొక్కను" అని ఒట్టుపెట్టుకుని, ఆరేళ్ళుగా తమ్ముడితో మాట్లాడలేదు. రమ్మని ఆమె మొగుడు ఒరోంజో మూడు ఉత్తరాలు రాశాడు. జవాబు లేదు. పైకి నవ్వుతూ తిరిగే మొగుడు లోలోపల కుమిలిపోతున్నాడని ఆమెకి తెలుసు.

తెల్లారగానే ఒరోంజో వీధి తలుపు ఒక రెక్కకి రంగు వేసి, అది ఆరేదాకా మూసి ఉంచి, చేపల కోసం రేవుకి పోయాడు. తొందరలో ఒక సంగతి మరిచాడు. ఆ ఊళ్ళో పగటిపూట ఒక రెక్క మూసి, ఒకటి తెరిచి ఉందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారన్నమాటే. చావు ఇంట పొయ్యి వెలగదు గనుక భోజనం ఇరుగుపొరుగే తెస్తారు. ఎవరు పోయారని అడగడం మర్యాద కాదు.

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న ఫిలొమేనాకి ఇదేమీ తెలియదు. ముందుగా పక్క పొలం దొనాతా గిన్నెడు కోడి పులుసుతో వచ్చి, ఆమె కన్నీళ్ళు చూసి గట్టిగా వాటేసుకుంది.

"పొయ్యి దగ్గరికి వెళ్ళకక్కా. మేమంతా లేమూ?"

అతిథుల కోసం సాయానికొచ్చిందనుకుని ఫిలొమేనా కరిగిపోయింది. "మీరున్నారనే కదే నా ధైర్యం!"

దాంతో ఊరికి లెక్క తేలిపోయింది. ఇంట్లో ఉండేది ఇద్దరు, ఒకరు ఏడుస్తున్నారు. పదకొండయ్యేసరికి వాకిలంతా పళ్ళేలు, నల్లబట్టలు. పండగకైనా చావుకైనా ఆ ఊళ్ళో నల్లబట్టలే గనుక, కొత్త ఇంటికి అందరూ మంచి బట్టల్లో వచ్చారని ఆమె మురిసిపోయింది.

పక్క ఊళ్ళో ఉంటున్న కోసిమోకి కబురందినట్టుంది, అప్పుడొచ్చాడు. గడప ముందు ఒక్క క్షణం ఆగి, దాటేశాడు. ఫిలొమేనా చేతిలో గరిటె జారిపోయింది.

"బావగారూ! ఆయన చూస్తే ఎంత సంబరపడతారో!"

"ఇంకేం చూస్తాడమ్మా!" ముసలాయన భోరుమన్నాడు. "మూడు ఉత్తరాలూ దిండు కిందే పెట్టుకున్నాను. పౌరుషానికి పోయి ఒక్కదానికీ జవాబు రాయలేదు."

"ఎవరు పోయారే?" అంది వెనక నుంచి ఒక గొంతు. చేపల బుట్టతో ఒరోంజో!

దొనాతా కెవ్వుమంది. కోసిమో తిరిగి చూశాడు.

"బతికే ఉన్నావట్రా వెధవా!" తమ్ముణ్ణి రెండు గుద్దులు గుద్ది, ఆ చేతులతోనే కావలించుకుని తలుపు మీద పడ్డాడు.

"అన్నయ్యా, రంగు పచ్చిగా ఉంది."

"ఉండనీరా."

ఈసారి ఫిలొమేనాకి ఉల్లిపాయలు అక్కర్లేకపోయాయి.

మిలాన్ వాళ్ళు కారు దిగేసరికి ఊరంతా నల్లబట్టల్లో ఏడుస్తూ, నవ్వుతూ, తింటోంది. "అతిథులకి మీ దగ్గర రోజూ ఇలాగే స్వాగతమా?" అని వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు.

"మొదటి రోజు మాత్రమేనండీ," అంది ఫిలొమేనా, పళ్ళేలు అందిస్తూ.

కోసిమో మళ్ళీ అలిగితే పనికొస్తుందని, రెండో రెక్కకి ఆమె ఇంతవరకూ రంగు వేయనివ్వలేదు.