చిలువేరు బుక్‌స్టాల్ లైఫ్ సర్టిఫికెట్

నల్లకోట నగరంలో యాభై ఏళ్లు దాటిన పుస్తకాల షాపులు ఏటా నవంబరులో మున్సిపల్ ఆఫీసుకు స్వయంగా నడిచి వెళ్లి, తాము బతికే ఉన్నామని నిరూపించుకోవాలి. పింఛనుదార్లకు ఉన్న పద్ధతే ఇది. ఎప్పుడో మూతపడ్డ ఒక షాపు తొమ్మిదేళ్లపాటు కాగితాల మీద లైసెన్సు రెన్యువల్ చేయించుకుంటూ వచ్చిందని తనిఖీలో బయటపడ్డాక ఈ నిబంధన వచ్చింది. మొదటి ఏడాది యజమానులంతా కలిసి వెళ్లి, షాపులు ఎలా నడిచొస్తాయని అడిగారు. నడవలేని షాపులకు మినహాయింపు ఉన్నట్టు ఉత్తర్వులో ఎక్కడుందో చూపించమన్నారు అధికారులు. ఎంత వెతికినా అలాంటి వాక్యం దొరకలేదు. మరుసటి సోమవారం పొద్దున షాపులు బయల్దేరాయి.

కందగట్ల ప్రమీల ఆ ఊళ్లో గుర్తింపు కార్డున్న గైడు. ప్రతి ఆదివారం యాత్రికులకు కోట చూపించి, ఆ తర్వాత పాతబజారులోని పుస్తకాల షాపుల వెంట తిప్పుతుంది. ఏ షాపులో ఏం దొరుకుతుందో, ఎక్కడ గంటసేపు నిలబడి చదువుకున్నా ఏమీ అనరో, ఎవరి దగ్గర మధ్యాహ్నం పూట గట్టిగా మాట్లాడకూడదో వివరిస్తూ ఆమె రాసిన చిన్న పుస్తకం ఊళ్లోని హోటళ్లన్నింట్లో ఉంటుంది. అందులో ఏడు షాపులున్నాయి. మూడు చనిపోయినవి, నాలుగు బతికున్నవి. చనిపోయిన షాపులను వారసత్వ విభాగం స్వీకరించి, గాజు తలుపు బిగించి, ఇత్తడి గొలుసు కట్టి, బోర్డు పెట్టి, ఎప్పుడూ వెలిగే దీపాలు అమర్చింది. యాత్రికులు వాటి ముందే ఎక్కువసేపు నిలబడతారు. బతికున్న నాలుగింటి కింద ‘నవంబరులో ఈ చిరునామాలో ఉండకపోవచ్చు’ అని ప్రమీల చిన్న అక్షరాల్లో ఒక గమనిక చేర్చింది.

షాపు వెంట సాక్షి కూడా రావాలి. యజమాని సాక్ష్యం చెల్లదు. యజమానులు ఎప్పుడూ బతికే ఉందంటారు. షాపును పాతికేళ్లకు పైగా ఎరిగిన స్థానికుడై ఉండాలి, షాపు మీద ఏ హక్కూ ఉండకూడదు. అలాంటి మనుషులు ఊళ్లో తగ్గిపోయారు. అందుకే చిలువేరు లింగమూర్తి నాలుగేళ్లుగా ప్రమీలనే పిలుస్తున్నాడు. ఆమె ఏడో తరగతిలో అట్లాసు కొనుక్కున్నది ఆయన దగ్గరే. అప్పటినుంచీ ఆయన ఆమెకు కాకా.

ఆ ఏడు వాళ్ల వంతు పంతొమ్మిదో తారీకు పడింది. చిలువేరు బుక్‌స్టాల్ వయసు అరవై రెండు. రెండు గదులంత వెడల్పు, రేకుల కప్పు, పచ్చ రంగు షట్టరు. పోటీ పరీక్షల గైడ్లు కిందా, నవలలు పైనా ఉండడంతో నడకలో కొంచెం ముందుకు తూలుతుంది. లింగమూర్తి తాళంచెవి పట్టుకుని ముందు నడిచాడు. షాపు నడుస్తున్నప్పుడు ఆయన ఎప్పుడూ లోపల కూర్చోడు; దానికి బరువవుతానని ఆయన అభిప్రాయం. ప్రమీల వెనక నడుస్తూ ఆటోలను పక్కకు పంపించింది. గడియారం చౌరస్తా దగ్గర స్పీడ్‌బ్రేకరు దాటుతుంటే నాలుగు పుస్తకాలు జారిపడ్డాయి. ఎవరో తీసి, వాటిలో గ్రూప్స్ మెటీరియల్ ఉందేమో చూసి, లేకపోయేసరికి తిరిగి లోపల పెట్టారు. వెనక పాతబజారులో షాపు లేచిన చోట నలుచదరంగా తడినేల మిగిలింది. వాళ్లు వీధి మలుపు తిరిగేలోపే ఒక పానీపూరీ బండి వచ్చి అక్కడ నిలబడింది.

ఆఫీసు వరండాలో పింఛనుదార్లు వరసలో ఉన్నారు. రిటైరైన టీచరొకాయన తన బెంచీని జరిపి షాపుకు చోటిచ్చాడు. షాపు తలుపులో పట్టదు కాబట్టి కిటికీ దగ్గర నిలబడమన్నారు. జీవన పరిశీలకుడు దామెర నరహరి మర్యాద తెలిసిన మనిషి. షాపుకు కూడా ఒక గ్లాసు నీళ్లు తెప్పించి గడప దగ్గర పెట్టించాడు. తర్వాత వేలిముద్ర యంత్రాన్ని కిటికీలోంచి బయటికి చాపాడు. లింగమూర్తి షట్టరు తాళాన్ని దాని మీద ఆనించాడు. ముద్ర కలవలేదు. తడిగుడ్డతో తుడవమని ఒకరు, కొబ్బరినూనె రాయమని ఇంకొకరు వరసలోంచి సలహా ఇచ్చారు. రెండూ చేశారు. అరవై రెండేళ్లుగా తెరిచీ మూసీ తాళం అరిగిపోయింది, పింఛనుదార్ల వేళ్లలాగే.

వేలిముద్ర కలవకపోతే రెండో మార్గం ఉంది. పరిశీలకుడి కళ్లెదుట గంటలోగా ఒక పుస్తకం అమ్ముడుపోవాలి. కొనేవాళ్లు యజమానికి బంధువు కాకూడదు, సాక్షి కాకూడదు, ఆఫీసు సిబ్బంది కాకూడదు. నరహరి గోడ గడియారం చూసి టైము రాసుకున్నాడు. ఆ గంటలో చాలామందే వచ్చారు. ముగ్గురు షాపు ముందు ఫొటో దిగారు. ఒకామె ఆధార్ కార్డు జిరాక్సు తీస్తారా అని అడిగింది. కళ్లజోడు పెట్టుకున్న ఒక కాలేజీ అమ్మాయి లోపలికి వెళ్లి, ఒక నవల తీసి, నిలబడే పదకొండు పేజీలు చదివింది. ప్రమీల ఒక్కో పేజీ లెక్కపెట్టింది. పన్నెండో పేజీని అమ్మాయి ఫోనుతో ఫొటో తీసుకుని, పుస్తకాన్ని ఎక్కడిదక్కడ జాగ్రత్తగా సర్ది, లింగమూర్తికి నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

దీన్ని పరిగణించవచ్చా అని ప్రమీల అడిగింది. నరహరి నిబంధనల పుస్తకం రెండుసార్లు తిరగేశాడు. చదవడం ఆ అమ్మాయి బతికున్నదానికి రుజువు అవుతుంది గానీ షాపుకు కాదని, తనకూ బాధగానే ఉందని చెప్పాడు.

ఇక మిగిలింది సాక్షి మాట. ఫారంలో ఆఖరి గడి అదే. బతికుంది, చనిపోయింది అని రెండు పదాలుంటాయి; ఒకటి కొట్టేసి సంతకం పెట్టాలి. ప్రమీల పెన్ను తీసింది. చనిపోయింది అన్న పదం మీద గీత పెట్టబోతుండగా నరహరి ఆమెను లోపలికి పిలిచి కుర్చీ చూపించాడు.

“మేడం, మీరు బతికుందని రాయొచ్చు. నేను కాదనను. కానీ పాతబజారు రోడ్డు వెడల్పు పని మార్చిలో మొదలైతది. బతికున్న షాపులను తీసేయొచ్చని ఉంది. చచ్చినవాటిని ముట్టుకోవద్దని ఉంది, అవి వారసత్వం కదా.”

“అరవై రెండేండ్ల నుంచి ఆడనే ఉంది సార్ ఆ షాపు. ఎట్ల తీసేస్తరు?”

“ఇయ్యాల ఇక్కడి దాకా నడిచొచ్చింది కదా మేడం. కదలగలదని రికార్డయింది.”

ప్రమీల పెన్నుకు మూత పెట్టింది. ఏటా తన చేత్తో ఈ షాపును ఇక్కడికి నడిపించుకొచ్చింది తనేనని ఆమెకు తట్టింది. నాలుగేళ్లలో నాలుగు ఫారాలు, నాలుగింటి మీదా తన సంతకం. బయటికొచ్చి లింగమూర్తికి జరిగింది జరిగినట్టు చెప్పింది. బతికుందని రాస్తే మార్చి దాకా షాపు ఉంటుంది, ఆ తర్వాత ఉండదు. చనిపోయిందని రాస్తే ఎప్పటికీ ఉంటుంది.

“సచ్చిందని రాసినంక పుస్తకాలు అమ్మనిస్తరా బిడ్డా?”

“అమ్మనియ్యరు కాకా. అద్దంలకెల్లి చూసుడే.”

లింగమూర్తి షాపులోకి వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. పై అరలో వంకరగా ఉన్న ఒక పుస్తకాన్ని లేచి సరిచేసి, మళ్లీ కూర్చున్నాడు. షాపు ఏమనుకుంటుందో రాయడానికి ఫారంలో గడి లేదు. వరసలోని టీచరు తన పేరు పిలిచినా వినిపించుకోకుండా అటే చూస్తున్నాడు. కొంతసేపటికి లింగమూర్తి బయటికొచ్చి తాళంచెవి ప్రమీల చేతిలో పెట్టాడు.

“రాయి బిడ్డా. ఉండనీ, ఎట్లనో ఒకట్ల.”

ఆమె బతికుంది అన్న మాటను కొట్టేసి సంతకం పెట్టింది. గీత వంకరగా వచ్చింది. నరహరి ముద్ర వేసి, లేచి నిలబడి, సంతాపం తెలిపాడు. చనిపోయిన షాపు నడవకూడదు గనుక తిరుగు ప్రయాణానికి క్రేను రావాల్సి వచ్చింది. పదహారు రోజులకు వచ్చింది. పానీపూరీ బండిని మర్యాదగా పక్కకు జరిపి, షాపును పాత చోటనే దించి, గాజు బిగించారు.

మార్చిలో రోడ్డు వెడల్పయింది. చిలువేరు బుక్‌స్టాల్ దగ్గరికి వచ్చేసరికి రోడ్డు వంపు తిరిగి, దాన్ని తాకకుండా వెళ్లింది. మిగిలిన మూడు బతికున్న షాపులను మాత్రం లారీల్లో ఊరి అవతలి ఖాళీ స్థలానికి తరలించారు. అక్కడికి ఏ బస్సూ వెళ్లదు కాబట్టి ప్రమీల తన పుస్తకం కొత్త ముద్రణలోంచి వాటి పేర్లు తీసేసింది. చిలువేరు పేరు మొదటి పేజీలోకి వచ్చింది.

షాపు లోపల ఖాళీగా కనిపిస్తోందని యాత్రికులు రాసిన అభిప్రాయాలు చూసి, వారసత్వ విభాగం లింగమూర్తిని పిలిపించింది. షాపు పాత స్వరూపంలో ఆయన కూడా భాగమేనని తేల్చి, పది నుంచి ఐదు దాకా స్టూలు మీద కూర్చోమంది. ఆయన సంతోషంగానే ఒప్పుకున్నాడు. ఇన్నేళ్లు అమ్మిన పుస్తకాల్లో చదవనివే ఎక్కువ, ఇప్పుడు తీరిక దొరికింది. ఆదివారాల్లో ప్రమీల జనంతో వచ్చినప్పుడు ఆయన గాజు వెనక తలొంచుకుని చదువుతూ కనిపించేవాడు. చాలా బాగా తయారుచేశారు, అచ్చం మనిషిలాగే ఉందని జనం అనేవారు. మొదట్లో ఆమె నిజం చెప్పేది. ఎవరూ నమ్మకపోవడంతో ఆ మాట చెప్పడం మానేసింది.

జూన్‌లో ఒక కుటుంబం ఫిర్యాదు చేసింది. చూస్తుండగా ఆ బొమ్మ పేజీ తిప్పిందని, వాళ్ల పాప జడుసుకుని జ్వరం తెచ్చుకుందని. విభాగం నుంచి ప్రమీలకు మెమో వచ్చింది. ప్రదర్శన సమయంలో కదలికలు లేకుండా చూసే బాధ్యత గైడుదేనని అందులో ఉంది. తర్వాతి ఆదివారం ఇరవైమంది యాత్రికులను రోడ్డు వంపు దగ్గర ఆగమని, ఆమె ముందుగా గాజు దగ్గరికి వెళ్లి, తలుపు సందులో నోరు పెట్టి మెల్లగా చెప్పింది.

“కాకా, జనం పోయేదాక పేజీ తిప్పకు. ఏమనుకోకు.”

అప్పటికే జనం ఫోన్లు పైకెత్తి దగ్గరికి వచ్చేశారు. లింగమూర్తి అట్లనే అన్నట్టుగా తల ఊపబోయి, గుర్తొచ్చి, ఆగిపోయాడు.