గుంటలో పట్టని నేతగాడు

ఆ రోజు పొద్దున రాఘవేందర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య అర్చన పాలు తేవడానికి వెళ్లి తిరిగొచ్చేలోపు మగ్గంలో కూర్చోవాలి, ఒక బెత్తెడు నేయాలి, లేచి చేతులు దులుపుకుని ఏమీ ఎరగనట్టు చాయ్ అడగాలి. ఇందులో కష్టమేమీ లేదు. పద్నాలుగేళ్లుగా అతను మగ్గం గుంటలో కాలు పెట్టలేదన్న సంగతి ఒక్కటే చిన్న ఇబ్బంది.

గద్వాలలో రాఘవేందర్ పేరున్న నేతగాడు. పేరు మాత్రమే ఉన్న నేతగాడంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. ముందు గదిలో తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుకుని, బేరానికి వచ్చినవాళ్ల ముందు చీర విప్పి, కొంగు మోచేతి మీద పరచి "ఇదంత నా చేతి పని" అనడం అతని పని. వెనక గదిలో పొద్దుగూకేదాకా ఆ చేతి పని చేసేది అర్చన. ఆమె నేసిన నూలు చీరకు పట్టు అంచు ఎక్కడ కలిసిందో భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. అలాంటి చీర ఒకటి తీసి, తన పేరు రాసి, తన ఫోటో అంటించి, రాష్ట్ర స్థాయి ఉత్తమ నేతకారుల అవార్డుకు పంపేశాడు మహానుభావుడు. "ఇంటికి పెద్దను నేను. నా పేరు మీదనే పోవాలె" అన్నాడు. ఆ పూట అర్చనకు అన్నం సహించలేదు.

చీర నచ్చిందని కబురొచ్చింది. దాని వెనకే ఇంకో కబురు కూడా వచ్చింది. నెలాఖరుకు చేనేత శాఖ అధికారి ఇంటికే వస్తుందట. దరఖాస్తు పెట్టిన మనిషి తన మగ్గంలో కూర్చుని ఆమె కళ్ల ముందు ఒక మూర నేసి చూపించాలట. రాఘవేందర్ నేత మరిచిపోలేదు, అది నిజమే. చిన్నప్పుడు నేర్చిన పని ఎక్కడికి పోతుంది? వచ్చిన చిక్కల్లా మధ్యలో పెరిగిన పొట్టతోనే.

గుంట మగ్గమంటే నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, గట్టు మీద కూర్చుని నేసేది. వెనక గోడ, ముందు నేసిన బట్ట చుట్టుకునే దుంగ. ఆ రెండింటి మధ్య సందు అర్చన నడుముకు సరిపోయేటంత ఉంది. రాఘవేందర్ ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, సర్రున జారి కూర్చున్నాడు. భేష్ అనుకున్నాడు. ఆ తర్వాత ఎంత గొప్పవాడైనా ఊపిరి వదలక తప్పదు కదా. వదిలాడు.

అర్చన పాలగిన్నెతో వచ్చేసరికి మొగుడు దుంగకూ గోడకూ మధ్య బిగుసుకుని, రెండు చేతులూ పైకెత్తి కూర్చుని ఉన్నాడు.

"ఏందయ్యా గిది? గాడ ఎందుకు కూసున్నవ్?"

"కూసోలె. ఇరుక్కున్న. జర గుంజు."

చంకల కింద చేతులు వేసి ఆమె బయటికి గుంజింది. అతనితోపాటు కొన్ని పట్టు పోగులు కూడా పుటుక్కున తెగిపోయాయి. వాటిని అతుక్కుంటూ కూర్చున్న అర్చనకు ఒళ్లు మండింది.

"నీ పొట్టకు సరిపోయేటంత గుంట ఇంకోటి తవ్వుకోరాదు?"

"కొత్త గుంట తవ్వితే వాడకట్టంత నవ్వుతది. ఇజ్జత్ పోతది."

"ఉంటే గద పోయేటందుకు" అంది అర్చన, పోగు మీంచి తల ఎత్తకుండానే.

అదే రోజు రాఘవేందర్ ఫోన్లో ఒక వీడియో చూశాడు. హైదరాబాదులో ఏదో అద్దాల క్లినిక్కు. 'మీది మొండి కొవ్వా? డైటింగుకు లొంగదా? వాకింగుకు లొంగదా?' అని ఒక తెల్లకోటు అడుగుతోంది. రాఘవేందర్ జన్మలో డైటింగు చేయలేదు, వాకింగు పేరెత్తితే మోకాళ్లు నొప్పులంటాడు. అయినా ఆ వర్ణన అచ్చం తన గురించే అనిపించింది. ఫోన్ చేశాడు.

"సర్, కొవ్వు లాగేసే లైపోసక్షన్ చాలా సింపుల్ ప్రొసీజర్" అంది అవతలి తేనె గొంతు. "ఉదయం వస్తారు, సాయంత్రం వెళ్లిపోతారు. బ్లడ్ టెస్టులు, అక్కడి డాక్టరు రాసిచ్చిన ఫిట్‌నెస్ లెటరు తెచ్చుకోండి. శుక్రవారం మీ కోసం స్లాట్ ఉంచుతున్నాను సర్."

తన కోసం హైదరాబాదులో ఏదో ఒకటి ఉంచారన్న మాటకే రాఘవేందర్ ఉబ్బిపోయాడు. అసలే ఉబ్బిన మనిషి.

గద్వాల డాక్టరు పొట్ట మీద వేలితో కొట్టి చూసి పెదవి విరిచాడు. "ఇది గట్టిగా ఉందయ్యా. తోలు కింద మెత్తగా వేలాడేదైతే పైపు పెట్టి తీస్తారు. నీది లోపల, పేగుల చుట్టూ పేరుకుంది. అక్కడికి పైపు అందదు. అన్నం తగ్గించు, పొద్దున్నే కోట చుట్టూ నడువు." లెటరు మాత్రం రాయలేదు. గద్వాలలో కూర్చున్న డాక్టరుకు పట్నం వైద్యం ఏం తెలుస్తుందిలే అనుకుని రాఘవేందర్ నేరుగా రక్తపరీక్షకు వెళ్లాడు.

ల్యాబులో ఉన్నది వాళ్ల వీధి పిల్ల శ్రీజ. సూది గుచ్చుతూ అడిగింది.

"దేనికి చిన్నాయనా గిన్ని టెస్టులు?"

"ఆపరేషన్ ఉంది బిడ్డా. పొట్టది."

"పొట్టలేమున్నది?"

రాఘవేందర్ అటూ ఇటూ చూశాడు. "ఉన్నది. తీసెయ్యాలె. ఎవ్వరికి చెప్పకు, ఇంట్ల గూడ తెల్వదు."

కడుపులో ఏదో ఉంది, తీసేయాలి, భార్యకు కూడా చెప్పలేదు. దీనికి అర్థం ఎవరైనా ఏం చేసుకుంటారు? శ్రీజ కళ్లనీళ్లు పెట్టుకుని వాళ్లమ్మకొక్కదానికే చెప్పింది. వాళ్లమ్మ కూడా ఒక్కరికే చెప్పింది. అలా ఒక్కొక్కరికే చెప్పుకుంటూ మధ్యాహ్నానికి వాడకట్టంతా, సాయంత్రానికి వనపర్తి, నాగర్‌కర్నూలు తెలుసుకున్నాయి. ల్యాబు దాటేటప్పుడు 'ఏదో' అన్నది కాస్తా నిమ్మకాయంత గడ్డయింది. వనపర్తి చేరేసరికి కొబ్బరికాయంత అయింది.

మర్నాడు మొదటి బస్సుకే వనపర్తి నుంచి అక్క జంగమ్మ దిగింది. గడపలోనే కూలబడి శోకం అందుకుంది.

"అయ్యో తమ్మీ! గింత చిక్కిపోయినవేందిరా! ఒంట్ల ఉన్నదంత గా గడ్డకే గుంజుకపోయిందిరా!"

పొట్ట చూపించి చిక్కిపోయావని ఏడ్చిన మనిషి లోకంలో జంగమ్మ ఒక్కతే అయ్యుండాలి. వచ్చినవాళ్లంతా ఆమె మాటకు తలలూపారు. బత్తాయిలు, బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్లు వచ్చి పడ్డాయి. జంగమ్మ సంచిలోంచి నాటుకోడి దిగింది. నాగర్‌కర్నూలు చుట్టమొకడు "మా దిక్కు ఒకాయనకు గిట్లనే అయింది. మంచిగ తింటనే ఉండె, పదో దినం పోయిండు" అని ధైర్యం చెప్పి, రెండు గుడ్లు తనే వలుచుకుని తిన్నాడు. పరామర్శకు వచ్చేవాళ్లు తెచ్చిన దాంట్లో సగం తిని పోవడం, మిగిలిన సగం రోగి చేత బలవంతంగా తినిపించడం మన దగ్గర ఆచారం. రాఘవేందర్ ఆ ఆచారాన్ని కాదనలేదు. రెండు రోజుల్లో ఒంటి మీది చొక్కా గుండీ ఒకటి ఊడిపడింది.

జంగమ్మ దిగిన రోజే అర్చన అతన్ని వంటింట్లోకి పిలిచింది.

"నిజం చెప్పయ్యా. ఏమున్నది కడుపుల?"

"ఏం లేదే. చిన్నది. శుక్రవారం పట్నం పోత, సాయంత్రానికి వస్త."

"ఒక్కనివి పోతవా? నాకెందుకు చెప్పలె? నేనెవరిని నీకు?"

అప్పుడైనా నిజం చెప్పి ఉంటే బతికిపోయేవాడు. కానీ మగ్గంలో పట్టడానికి పట్నంలో కొవ్వు తీయించుకుంటున్నానని పెళ్లాం ముందు ఒప్పుకోవడం కన్నా, కొబ్బరికాయంత గడ్డ మోయడమే గౌరవమనిపించింది ఆ పెద్దమనిషికి. నేల చూపులు చూస్తూ "నువ్వు పరేషాన్ కాకు" అన్నాడు, త్యాగమూర్తిలాగా. అర్చన ఆ రోజు నుంచి చెప్పులు మానేసి, జోగులాంబ అమ్మవారికి మొక్కుకుని ఒంటిపూట తినడం మొదలుపెట్టింది.

బుధవారం చేనేత సంఘం అధ్యక్షుడు, ఊరి వరసకు మామ అయ్యే బాలస్వామి వచ్చాడు. రాఘవేందర్ చెయ్యి పట్టుకుని బొటబొటా కన్నీళ్లు కార్చాడు.

"అల్లుడా, నీకు ఒక్క పని చేసి పెట్టిన. చేనేత శాఖ దీపిక మేడంకు ఫోన్ చేసి బతిమాలిన. నెలాఖరుదాక మావోడు ఉంటడో లేదో, జర ముందుగాల రమ్మని చెప్పిన. మంచి మనిషి, రేపు పది గంటలకే వస్తనన్నది."

రాఘవేందర్ నోట్లో ఉన్న బత్తాయి తొన అక్కడే ఆగిపోయింది. కొవ్వు తీసేది శుక్రవారం. మేడం వచ్చేది గురువారం.

"మామా, నేను మంచిగనే ఉన్న. నెలాఖరుకే రానియ్యి."

"ఆఖరుకు అందరు గట్లనే అంటరు బిడ్డా."

"మామా, నేను కూసోలేను. నాతోని కాదు."

"ఒక్క మూర. మేమందరం పట్టుకుంటం. అవార్డు నీ కండ్లతోని నువ్వు చూసుకోవాలె."

బాగున్నానంటే నమ్మడం లేదు, బాగాలేదంటే మోసుకొస్తామంటున్నారు. రాఘవేందర్‌కు ఇక దారి లేదు.

గురువారం పదింటికి దీపిక మేడం ఫారాలతో, టేపుతో దిగింది. వెనక గదిలో జనం గోడలకు అతుక్కుని నిలబడ్డారు. పసిపిల్లను తొట్లెలో వేసినట్టు నలుగురు రాఘవేందర్‌ను ఎత్తి మెల్లగా గుంటలోకి దించారు. మొన్న పొద్దున పట్టినంత కూడా ఈసారి పట్టలేదు. మూడు రోజుల పరామర్శ మధ్యలో అడ్డం పడింది. బాలస్వామి భుజాలు పట్టి కిందికి నొక్కాడు. రాఘవేందర్ మొహం ఎర్రబడింది, కళ్లు తేలేశాడు, నోట్లోంచి ఈల వేసినట్టు ఒక చప్పుడు వచ్చింది.

"గడ్డ పగిలిందిరో!" అని జంగమ్మ కేక పెట్టింది.

గుంజితే రాడు, నొక్కితే పోడు. బాలస్వామి ముసలి నేతగాడు, వెంటనే ఉపాయం తట్టింది. "పడుగు తాడు వదులు చేస్తే దుంగ జరుగుతది. తాడు ఏడ కట్టినవ్ అల్లుడా?"

మగ్గమంతటినీ బిగించి పట్టేది ఆ తాడు. దాన్ని నేసేవాళ్లు తమ చేతికి అందేచోట కట్టుకుంటారు. నేసినకొద్దీ రోజుకు ఎన్నోసార్లు విప్పి కట్టాలి. రాఘవేందర్ ఊపిరాడని గొంతుతో "కుడి పక్క గుంజకు" అని చూపించాడు. అందరూ అటు తిరిగారు. ఆ గుంజకు ఒక పాత క్యాలెండరు తప్ప ఏమీ లేదు.

"పైన, పైన చూడుండ్రి" అన్నాడు రాఘవేందర్. పైన సాలెగూడు ఉంది.

దీపిక మేడం ఫారం మీంచి తలెత్తి అతని వంక చూసింది.

జనాన్ని తోసుకుంటూ అర్చన వచ్చింది. ఎడమ పక్క గుంజ దగ్గరికి పోయి, ఎడమ చేత్తో ఒక్క గుంజు గుంజేసరికి ముడి జారింది, దుంగ కదిలింది. ఆమెది ఎడమచేతి వాటం. పెళ్లయి వచ్చి మగ్గమెక్కిన ఏడాదే తాడు ఆ పక్కకు మార్చుకుంది. అదే ఇంట్లో పద్నాలుగేళ్లుగా తిని పడుకునే మొగుడికి ఆ సంగతి ఇవాళే తెలిసింది.

రాఘవేందర్‌ను బయటికి లాగి చాప మీద పడుకోబెట్టారు. "108కు ఫోన్ కలుపుండ్రి! పెద్దదవాఖానకు కొంచవోదాం!" అని జంగమ్మ అరుస్తోంది. ఎవరో కలిపేశారు కూడా. గద్వాల వీధుల్లో సైరన్ వేసుకుని, స్ట్రెచరు మీద ఊరేగడం, అక్కడ డాక్టర్లు పొట్ట నొక్కి నవ్వడం, అదంతా రాఘవేందర్ కళ్ల ముందు కదిలింది. దిగ్గున లేచి కూర్చున్నాడు.

"వద్దు! ఫోన్ పెట్టెయ్యిండ్రి! గడ్డ లేదు, ఏం లేదు!"

"మరి ఆపరేషన్ దేనికిరా?" అన్నాడు బాలస్వామి.

"కొవ్వు మామా. పట్నంల పైపు పెట్టి గుంజుతరంట. గుంటల పట్టాలె గద అని..."

అందరికన్నా ముందు నాగర్‌కర్నూలు చుట్టం నవ్వాడు. తర్వాత గోడలన్నీ నవ్వాయి. జంగమ్మ మాత్రం "నా నాటుకోడి!" అని నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

అర్చన నవ్వలేదు. మొగుడి ముందు నిలబడి, పగిలిన పాదాలు చూపించింది.

"మూడు దినాల సంది చెప్పుల్లేకుంట తిరుగుతున్న. ఒంటిపూట తింటున్న. నువ్వు పోతవేమోనని లోపల్లోపల సచ్చిపోతున్న. నీ కొవ్వు కోసమా నేను ఏడ్చింది?"

రాఘవేందర్ గుండీ ఊడిన చోట చొక్కా దగ్గరికి లాక్కున్నాడు.

దీపిక మేడం సంచిలోంచి అవార్డుకు వచ్చిన చీర తీసింది. "అర్చనగారూ, ఈ చీర ఎవరు నేశారు?"

అర్చన ఒక్కసారి మొగుడి వైపు చూసింది. అతను వద్దన్నట్టు తలాడించాడు.

"నేనే నేసిన మేడం. ఇదొక్కటే కాదు, పద్నాలుగేండ్ల సంది ఈ ఇంట్ల నేసినయన్ని నేనే నేసిన."

"గది అందరికి ఎరికనే మేడం" అన్నాడు బాలస్వామి. ఎరికైన సంగతిని ఇన్నేళ్లు ఎవరూ ఎందుకు పైకి అనలేదో అతను చెప్పలేదు, మేడం కూడా అడగలేదు. "ఒక మూర నేసి చూపించండి" అంది.

అర్చన గుంటలోకి దిగింది. ఎడమ చేత్తో తాడు బిగించింది. పోగు మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తుతుంటే, నవ్వినవాళ్లంతా నవ్వు మాని చూస్తూ నిలబడ్డారు. చెమట పట్టిన ఆమె మొహం మీద మూడు రోజుల భయం పోయి, తన పని తన పేరున చేసుకుంటున్న మనిషి సంతోషం కనిపించింది. మూర పూర్తయింది. మేడం టేపు పెట్టి కొలిచి, పాత చీర అంచు పక్కన పెట్టి చూసి, ఫారం మీద రాఘవేందర్ పేరు అడ్డంగా కొట్టేసి అర్చన పేరు రాసింది.

"కింద నేతకారులకు సహాయకులు అని ఒక గడి ఉందమ్మా. మీ ఆయన ఏం చేస్తారని రాయమంటారు?"

"ఏం చెయ్యడు మేడం."

"గడి ఖాళీగా వదలకూడదమ్మా."

అర్చన చాప మీద కూర్చున్న మొగుణ్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది. "అయితే నాడెలకు నూలు కండెలు చుడతడని రాయిండ్రి. రేపట్నుంచి."

కండెలు చుట్టే రాట్నం ముందు ఎంత పొట్టకైనా చోటుంటుంది.