రెండు రకాల ఫోన్లు, ఒకే కాలువ

మావారి మీద నాకున్న ఫిర్యాదు చిన్నది. ఆయన దేన్నీ ఎంపిక చేయలేరు. మిక్సీ కొనడానికి పదకొండు నెలలు ఆలోచించారు. ఆ పదకొండు నెలలూ నేను రోట్లో పచ్చళ్ళు నూరుతూ ఆయన విచక్షణకు సహకరించాను. ఇటువంటి నరేంద్రబాబు గారిని మా ఊరి రొయ్య రైతుల సంఘంవారు ఏకగ్రీవంగా ఫ్రేంవర్క్ ఎంపిక ఉపసంఘానికి కన్వీనరుగా ఎన్నుకొన్నారు. సంఘంవారి దూరదృష్టిని మెచ్చుకోవాలి. తొందరపడి ఏదో ఒకటి చేసేసే ప్రమాదం ఆ రోజుతో తప్పిపోయింది.

ఈ ఫ్రేంవర్క్ మా ఊరికి ఎందుకు అవసరమైందో చెప్పాలంటే ముందు కాలువ సంగతి చెప్పాలి. తోటపల్లి గూడూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు మాది. వరి మళ్ళకన్నా రొయ్యల గుంటలు ఎక్కువ. గుంటలన్నిటికీ కాలువ ఒక్కటే. నీళ్ళు తోడుకొనేదీ అందులోంచే, వాడిన నీళ్ళు వదిలేదీ అందులోకే. రెండు పనులకు రెండు కాలువలు దండగని పెద్దలు ఆనాడే గ్రహించారు. అందువల్ల ఒక గుంటలో తెల్లమచ్చల రోగం పుడితే, ఆ నీళ్ళు కాలువలో కలిసిన కొద్ది రోజులకే మిగిలిన గుంటలకు కులమత భేదం లేకుండా అందుతుంది.

రోగం వచ్చిన సంగతి ఎవరూ బయటికి చెప్పరు. అది మా ఊరి మర్యాద. చెబితే సరుకు కొనే కంపెనీ మనిషి ఆ గట్టు ఎక్కడు. కాబట్టి గుంట యజమాని ఉన్న రొయ్యలను హడావిడిగా పట్టించేసి, "సైజు బాగా వచ్చింది, అందుకే పట్టినా" అంటాడు. తరువాత తూము తీసి నీళ్ళు వదిలేస్తాడు. నెల రోజుల ముందే సైజు ఎట్లా వచ్చిందని ఎవరూ అడగరు. రేపు తమ వంతు వచ్చినప్పుడు తమను కూడా ఎవరూ అడగకూడదు గదా.

ఈ మర్యాద ఒంటబట్టని మనిషి మా ఊళ్ళో ఒకరే. వెంకటశేషమ్మక్క. కాలువకు చిట్టచివర ఎకరన్నర గుంట కౌలుకు చేస్తుంది. పోయిన ఏడాది ఆమె రొయ్యలన్నీ తెల్లమచ్చలొచ్చి రెండు రోజుల్లో గట్టుకు కొట్టుకొచ్చాయి. ఈసారీ అదే జరిగితే గుంట వదిలేసి, రొయ్యల షెడ్డులో తలకాయలు వలిచే పనికి పోవాల్సిందే. ఆమె సంఘం సమావేశానికి వచ్చి అడిగింది ఒకే ఒక్క మాట.

"కాలవ నీళ్ళు ఏ పొద్దు తోడకూడదో ఎవరన్నా ముందుగా చెప్తే చాలబ్బా. నేనింకేం అడగను."

సంఘం తక్షణం స్పందించింది. నోటితో చెప్పుకోవాల్సిన ఆ మాట కోసం ఒక యాప్ చేయించాలని తీర్మానించింది.

యాప్‌లో ఉండవలసింది ఒక ఎర్ర బటను. గుంటలో రోగం కనబడిన రైతు దాన్ని నొక్కుతాడు. వెంటనే సభ్యులందరి ఫోన్లూ మోగుతాయి. ఎవరూ కాలువ నీళ్ళు తోడరు. ఇంతవరకూ చిక్కేమీ లేదు. చిక్కంతా సంఘం అధ్యక్షులు హజరత్తయ్య గారి జేబులో ఉంది. సంఘంలో అరవై ఇద్దరు సభ్యులు. అరవై ఒక్కరి దగ్గర ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లు. హజరత్తయ్య గారి దగ్గర ఉన్నది ఐఫోను, అల్లుడు పెట్టింది. ఆ రెండు రకాల ఫోన్లకూ రెండు యాప్‌లు విడివిడిగా రాయాలట. అట్లా కాకుండా ఒకసారి రాస్తే రెండింట్లోనూ నడిచే ఉపాయాలు కొన్ని ఉన్నాయట. వాటినే ఫ్రేంవర్కులు అంటారు. వాటిలో ఒకటి ఎంచుకోవాలి.

"హజరత్తయ్య గారికి మామూలు ఫోను ఒకటి కొనిస్తే సరిపోదా?" అని నేను వంటింట్లోంచి అడిగాను.

మావారు జాలిగా చూశారు. "నీకు టెక్నాలజీ తెలవదులే వనజా."

నిజమే. నాది జువాలజీ డిగ్రీ. పెళ్ళిచూపుల్లో ఒకసారి అడిగారు. ఆ తరువాత ఎవరికీ దానితో పని పడలేదు.

ఎంపిక ప్రక్రియ అత్యంత పారదర్శకంగా, మా హాల్లో జరిగింది. నెల్లూరు నుంచి ఇద్దరు యాప్‌లు రాసేవాళ్ళు వచ్చారు. రూఫస్ అనే ఆయన ఫ్లట్టర్ అనే ఫ్రేంవర్క్ వాడదామన్నాడు. కిషోర్ అనే ఆయన రియాక్ట్ నేటివ్ అన్నాడు. ఇద్దరూ తెలివైనవాళ్ళే. మొదటి పది నిమిషాల్లోనే తమ మాటలు ఎవరికీ ఎక్కడం లేదని గ్రహించి రొయ్యల భాషలోకి దిగారు.

"మా దాంట్లో గుంట, గట్టు, నీళ్ళు అన్నీ మేమే తెచ్చుకుంటాం సార్. ఏ ఫోన్లో పెట్టినా ఒకే మాదిరి కనబడుద్ది" అన్నాడు రూఫస్.

"మేం ఆ ఫోన్లో ఉండే గుంటనే వాడుకుంటాం సార్. మేత మాత్రం మాది. అందుకని ఏ ఫోన్లో ఆ ఫోను మాదిరే ఉంటది" అన్నాడు కిషోర్.

ఎర్ర బటను ఒక్కదానికి రెండూ బ్రహ్మాండంగా సరిపోతాయని ఇద్దరూ ఒప్పుకొన్నారు. ఏది ఎంచుకొన్నా నష్టం లేదని తేలిపోయింది కాబట్టి, ఇక ఎంచుకోవడం అసాధ్యమైంది.

అధ్యక్షులవారు ఫ్లట్టర్ వైపు మొగ్గారు. అది తెలిసిన గంటలో ఉపాధ్యక్షుడు పెంచలకృష్ణ రియాక్ట్ నేటివ్‌లో తరతరాల మేలును దర్శించారు. వారం తిరిగేసరికి ఊరు రెండు వర్గాలైంది. మేత కొట్టు దగ్గర ఫ్లట్టర్ వాళ్ళు ఒక బెంచీ మీద, రియాక్ట్ వాళ్ళు ఎదుటి బెంచీ మీద కూర్చోవడం మొదలైంది. గృహప్రవేశం భోజనాల్లో పెంచలకృష్ణ గారి విస్తరికి చేపల పులుసు ఆలస్యంగా వచ్చినందుకు వడ్డించినవాడు ఫ్లట్టర్ మనిషేనని నిర్ధారణ అయింది. అరవై ఏళ్ళు ఇంగ్లీషు అక్షరం వైపు చూడని పెద్దాయన ఒకాయన నాతో, "ఎంతైనా కోడు ఒకటే ఉండాలమ్మాయ్" అని నిట్టూర్చాడు.

ఉపసంఘం అధ్యయన యాత్ర కూడా చేసింది. హైదరాబాదు వెళ్ళి, మూడు ఆఫీసుల్లో టీ తాగి, కోట్లిన్ అనే మూడో ఉపాయం కూడా ఉందన్న దుర్వార్తతో తిరిగొచ్చింది. మావారు కేలండరు వెనుక గళ్ళు గీసి మూడింటికీ మార్కులు వేయసాగారు. ఏ రాత్రి ఏ వర్గంవాళ్ళు ఫోను చేస్తే పొద్దున వాళ్ళ గడిలో మార్కులు పెరిగేవి. ఆరు నెలలు గడిచాయి. వెంకటశేషమ్మక్క ప్రతి సమావేశానికీ వచ్చి తన ఒక్క మాటే అడిగేది. అది మినిట్స్ పుస్తకంలో ప్రతిసారీ "ఇతర విషయాలు" అనే శీర్షిక కింద నమోదయ్యేది.

ఈలోగా ఏ ఉపసంఘమూ లేని తెల్లమచ్చల రోగం తన పని తాను చేసుకొంటూనే ఉంది. ఒక గుంటలో పుడితే చాలు, ప్రతి గుంటలోనూ ఏ మార్పూ అక్కరలేకుండా నడుస్తుంది. కాలువ కుదరని చోటికి కాకి ముక్కున కరుచుకొని తీసుకెళ్తుంది. కాకులు ఏ వర్గంలోనూ చేరలేదు.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం తుది సమావేశం మా ఇంట్లోనే పెట్టారు. రూఫస్, కిషోర్ తాము రాసిన నమూనా యాప్‌లను చూపించాలి, కార్యవర్గం పన్నెండుమందీ చూసి తేల్చాలి. మర్నాడు పౌర్ణమి. ఆ పోటుకు కాలువ నిండుతుంది, అందరూ మోటార్లు వేసి నీళ్ళు తోడుకొంటారు. యాప్ ప్రారంభోత్సవానికి అంతకన్నా శుభదినం లేదని అధ్యక్షులవారు సెలవిచ్చారు.

ఆ ఉదయం మావారు గుంట నుంచి కూరకు అరకిలో రొయ్యలు తెచ్చారు. ఆదివారాలు విసురు వల వేసి రొయ్యల బరువు చూస్తారు. చూసినవి ఇంటికి వస్తాయి. అందులో వింత లేదు. వింతేమిటంటే తెచ్చి పెట్టి ఆయన నా ముఖం చూడకుండా, "రేపు తెల్లారి పట్టించేస్తా ఉండా. సైజు బాగా వచ్చింది" అన్నారు.

పంటకు ఇంకా ముప్పై రోజులుంది.

రొయ్యలు వలుస్తూ ఒక తల డిప్పను కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాను. లోపలి వైపు సున్నం చిలకరించినట్టు తెల్లటి చుక్కలు. ఇంకొకటి చూశాను. అదీ అంతే. పద్దెనిమిదేళ్ళ తరువాత నా డిగ్రీ తలుపు తట్టింది. డిప్పలను చెత్తలో పారేయలేదు. కాకులున్నాయి. వేడినీళ్ళలో మరగకాచి ఒక స్టీలు పళ్ళెంలో ఆరబెట్టాను. కూర మాత్రం వండాను. ఆ రోగం రొయ్యలకే గాని మనుషులకు అంటదు. మనుషులకు వేరేవి ఉన్నాయి.

మూడు గంటలకు అందరూ వచ్చారు. వెంకటశేషమ్మక్క కూడా వచ్చింది. సభ్యురాలే గనుక సమావేశంలో కూర్చోవచ్చు, కానీ ఆడమనిషి గనుక ఎవరో "అక్కా, టీ సంగతి చూడు" అన్నారు. అట్లా వంటింట్లోకి వచ్చింది. కప్పులకోసం చేయి చాచి పళ్ళెం దగ్గర ఆగిపోయింది. ఒక డిప్పను తీసి, నేను చూసినట్టే కిటికీకి ఎత్తి చూసింది.

"ఎవురియి?"

"మావే అక్కా."

ఆమె డిప్పను ఎక్కడ తీసిందో అక్కడే పెట్టింది. కొంగుతో వేళ్ళు తుడుచుకొంది. "రేపు పొద్దున్నే మోటారు వేద్దామనుకున్నా" అంది, నాతో కాదు, టీ గిన్నెతో.

హాల్లో హజరత్తయ్య గారు ప్రసంగిస్తున్నారు. "ఈ పొద్దు మనం చేసే ఎంపిక మామూలుది కాదు. రైతుకు రైతుకు మధ్య గోడలు కూలగొట్టే ఎంపిక. దాపరికం లేని సమాజానికి ఇది తొలి తూము." అందరూ చప్పట్లు కొట్టారు. మావారు అందరికన్నా గట్టిగా కొట్టారు.

రూఫస్ తన యాప్‌ను తన ఆండ్రాయిడ్ ఫోన్లోనూ, అధ్యక్షులవారి ఐఫోన్లోనూ తెరిచి చూపించాడు. కిషోర్ కూడా చూపించాడు. రెంటిలోనూ ఎర్ర బటను ఎర్రగానే ఉంది. "ఎవరన్నా ఒకరు మీ పేరు ఎంచుకొని నొక్కండి సార్, టెస్టు చేద్దాం" అన్నాడు రూఫస్.

ఫోను పెంచలకృష్ణ గారి చేతికి వెళ్ళింది. "ఆదివారం పూట ఇట్టాంటియి నొక్కకూడదు" అని ఆయన పక్కాయనకు ఇచ్చారు. పక్కాయన, "ఉత్తుత్తికి నొక్కినా కంపెనీవాళ్ళ చెవిన పడుద్దబ్బా" అని ఇంకొకరికి ఇచ్చారు. ఇంకొకరికి కళ్ళజోడు లేదు. అధ్యక్షులవారు, "నేనే నొక్కితే వ్యవస్థ మీద జనానికి నమ్మకం పోతుంది" అన్నారు. వేడి అట్లపెనం మాదిరి ఆ ఫోను గది చుట్టూ తిరిగింది. రూఫస్‌నే నొక్కమన్నారు. "నాకు గుంట లేదు గదా సార్, రోగం యాడనుంచి వస్తది?" అన్నాడతను.

వెంకటశేషమ్మక్క టీ తెచ్చి గుమ్మంలో నిలబడింది. "నరేంద్రన్నా, నువ్వు నొక్కు. ఉత్తుత్తికే గదా" అంది.

ఫోను మావారి చేతిలోకి వచ్చింది. అప్పుడే నేను ఫలహారం పళ్ళెం తెచ్చి ఆయన ముందు బల్ల మీద పెట్టాను. దానిలో బిస్కెట్లు లేవు. డిప్పలున్నాయి, లోపలి వైపు పైకి తిప్పి. ఆయన పళ్ళెం చూశారు. నన్ను చూశారు. గుమ్మంలో ఉన్న వెంకటశేషమ్మక్కను చూడలేక చూశారు. మిక్సీకి పదకొండు నెలలు తీసుకొన్న మనిషి, బహుశా జీవితంలో మొదటిసారి, ఒక్క నిమిషంలో ఎంపిక చేశారు.

నొక్కారు.

అధ్యక్షులవారి ఐఫోను అంబులెన్సు మాదిరి అరిచింది. తెర మీద "నరేంద్రబాబు గుంటలో తెల్లమచ్చలు. కాలువ నీళ్ళు తోడవద్దు" అని వచ్చింది. హజరత్తయ్య గారి ముఖం వెలిగిపోయింది. "చూసినారా, ఐఫోన్లో కూడా వచ్చింది" అన్నారు. మళ్ళీ చప్పట్లు. ఫ్లట్టర్ వర్గంవాళ్ళు ఒకరి వీపు ఒకరు తట్టుకొన్నారు.

"టెస్టు కాదన్నా," అన్నారు మావారు. "నిజంగానే వచ్చింది. మూడు దినాలైంది. రేపు తెల్లారి పట్టించి నీళ్ళు వదిలేద్దామనుకున్నా. వదల్ను. బ్లీచింగు కొట్టి ఆడ్నే నిలబెడతా."

చప్పట్లు సగంలో ఆగాయి. తరువాత జరిగింది సాంకేతిక చరిత్రలో నమోదు కావాలి. పదకొండుమందీ ఒకేసారి ఫోన్లు తీసి, గొంతు తగ్గించి, ముందు ఇంటికి, తరువాత పక్క గుంటలవాళ్ళకు చేశారు. "రేపు మోటారు వెయ్యబాకండి." "ఎందుకని అడగబాక, వెయ్యబాక అంతే." రెండు నిమిషాల్లో కాలువ పొడవునా ప్రతి గుంటకూ కబురందింది. రెండు రకాల ఫోన్లలోనూ మాట చక్కగా వెళ్ళింది. రూఫస్, కిషోర్ ఒకరి ముఖం ఒకరు చూసుకొని, తమ ఫోన్లను మెల్లగా సంచుల్లో పెట్టుకొన్నారు.

అందరూ ఊపిరి పీల్చుకొని టీ అందుకొన్నారు. సమావేశం విజయవంతమైందని ఎవరో అన్నారు కూడా. వెంకటశేషమ్మక్క మాత్రం ఖాళీ పళ్ళెంతో అక్కడే నిలబడి ఉంది.

"ఈ ఏటిది తెలిసింది. నరేంద్రన్న గుంట పోయిన ఏడు ఎండబెట్టి ఉండె, ఆయన కాదు. మరి పోయినేటి నీళ్ళు ఎవురియి?"

పెంచలకృష్ణ గారు టీలో మీగడ వెదికారు. కళ్ళజోడు లేనాయన కేలండరు చదివారు. నేను కూడా బల్ల మీద లేని మరక తుడిచాను, ఎందుకంటే ఏటా ఎవరు ముందుగా పట్టిస్తారో వంటిళ్ళలో కూరలు మారినప్పుడే మా ఆడవాళ్ళందరికీ తెలుస్తుంది, ఏనాడూ చెప్పలేదు. చదువుతున్న మీరు కూడా మీ ఊరి కాలువ ఏదో ఒకటి తలుచుకొని కిటికీ వైపు చూసి ఉంటారు. చూడండి, ఫరవాలేదు.

హజరత్తయ్య గారు తన ఐఫోనును బోర్లా పెట్టారు. అల్లుడు ఫోను పెట్టినప్పటినుంచీ ఆయన దాన్ని బోర్లా పెట్టడం ఎవరూ చూడలేదు. గొంతు సవరించుకొన్నారు. ప్రసంగం మొదలుపెడతారనుకొన్నాం.

"నాయే శేషమ్మా," అన్నారు. "తెలిసే వదిలినా. తప్పు నాది."