చేపల గదిలో తీపెక్కిన దుంపలు

మొదట నా చేతిలో ఉన్నవి మూడు. అరవై బస్తాల బంగాళాదుంపలు, పన్నెండేళ్ళుగా బస్తా విప్పి చూడకుండా కొనే మణియమ్మ, నాకన్నీ తెలుసన్న నమ్మకం. మూడింటిలో బరువైనది చివరిదే.

ఇప్పుడు చెబుతున్నాను, నవ్వకండి. దుంప కుళ్ళడం ఒక వరం! నెల్లితోపులో పాతికేళ్ళుగా దుంపల వ్యాపారం చేస్తున్న ఈ కేశవన్ మాట ఇది.

ఈ ఏడు ఎండలు మండాయి. సముద్రంలో వేట నిషేధం పెట్టగానే సోలై నగర్‌లో ఎళిలరసన్ చేపల కోల్డ్ రూమ్ ఖాళీ అయింది. కరెంటు ఖర్చు పెట్టుకుంటే చాలన్నాడు. ఇంతకంటే తెలివైన బేరం ఉంటుందా? ఏసీలో కూర్చున్న ఆఫీసర్లు నిగనిగలాడటం లేదా? దుంపలేం పాపం చేశాయి?

మా కొట్టు ఎదురుగా హాట్ చిప్స్ వేసే మణియమ్మ అడ్డం పడింది.

"అన్నా, చేపల రూములో ఉర్లగడ్డ పెడతారా యాడన్నా? గాలాడే నీడ చాలన్నా. జిల్లుమంటే చెడిపోతాది."

"నువ్వు వేయించుమ్మా. దాచడం నాకొదిలెయ్" అన్నాను. పెద్ద వ్యాపారిని కదా!

రెండు నెలల తర్వాత బస్తాలు బయటికొచ్చాయి. బుట్టలో మామిడిపండును రుచి చూసినట్టు ఒక దుంపను ఉడికించి తిన్నాను. తీపి! పొంగిపోయాను. తీపి దుంపలని చెప్పి రేటు కూడా పెంచాను. ఉక్కలోకి రాగానే దుంపలకు చెమట పట్టింది. ఆ తడితోనే బస్తాలు ఒకదానిపై ఒకటి పేర్చేశాను.

మర్నాడే మణియమ్మ చిప్స్ గరిటెతో సహా వచ్చింది.

"ఏందన్నా ఇది? చిప్స్ వేస్తే బొగ్గులొస్తా ఉండాయి!"

"మంట తగ్గించమ్మా."

"పన్నెండేండ్లుగా పొయ్యి ముందర నిలబడినదాన్ని, నాకు మంట నేర్పిస్తావా?"

ఆ సాయంత్రం నుంచి ఆమె దుంపలు కొనడానికి సారం పేటలో వేరే కొట్టుకు పోసాగింది. వారం తిరగకుండా నా దుంపలు మెత్తబడి కారడం మొదలుపెట్టాయి.

ఎన్ని లాభాలనుకున్నారు! అప్పడిగేవాళ్ళు వీధి మలుపులోనే ఆగిపోయారు. టౌన్ బస్సు మా కొట్టు దగ్గర ఆగడం మానేసి వంద అడుగులు ముందుకు పోయి ఆగుతోంది. ప్రయాణికులకు వ్యాయామం! ఒకవైపు ఆ గదిలో బస్తాలకు అంటిన చేపల వాసన, మరోవైపు కుళ్ళు వాసన. యానాం నుంచి వచ్చిన రామభద్రరావు గారు, శాకాహారి, ముక్కు మూసుకుని నేను చెప్పిన రేటుకే బేరమాడకుండా ఉల్లిపాయలు కొనుక్కుపోయారు!

వెంట వచ్చిన వారి అమ్మాయి కావ్యశ్రీ వ్యవసాయం చదువుతోంది. ఒక దుంప కోసి చూసింది.

"మరీ చలిలో ఉంచితే దుంపలో పిండి చక్కెరగా మారిపోద్ది అంకుల్. వేయిస్తే నల్లబడేది అందుకే. ఆ తీపి ఎక్కువైతే మెత్తకుళ్ళు కూడా తొందరగా పట్టుద్ది. పైగా మీరు తడితోనే పేర్చేశారు!"

"ముందే ఎవరైనా చెప్పొచ్చు కదమ్మా!" అన్నాను.

ఎదురుగా మణియమ్మ గరిటె మూకుడుకు ఠంగుమని తగిలింది. ఆ పిల్ల చిప్స్ బండి వైపు చూసింది.

యాభై ఆరు బస్తాలు పారబోశాక, నీడలో నిలవ చేసిన కొత్త దుంపల బస్తా ఒకటి భుజాన వేసుకుని మణియమ్మ బండి దగ్గరికి నేనే వెళ్ళాను. ఆమె బస్తా విప్పింది. అడుగు నుంచి ఒక దుంప తీసి, కోసి, నూనెలో వేసింది. మా ఇద్దరి కళ్ళూ మూకుడులోనే. ముక్క తెల్లగానే తేలింది.

"సరే, ఉంచి పో అన్నా" అంది.

ఇక చివరి లెక్క. నాకన్నీ తెలుసన్న నమ్మకం దుంపలతోపాటే పోయింది. మణియమ్మ తిరిగొచ్చింది. కాని ఇప్పుడు ప్రతి బస్తా విప్పుతుంది, ఒక దుంప వేయించి చూసిగాని తీసుకోదు. చూశాక ఆ ముక్క నా చేతిలో పెడుతుంది.

లాభం: రోజూ పొద్దున ఒక వేడి చిప్స్ ముక్క. ఉచితం.