అలమారలో రాజుగారు

బావమరిది తీసుకెళ్ళిన వస్తువు తిరిగి రాదు. ఇందులో వాదించడానికేమీ లేదు. ఈసారి పోయింది రికార్డరు ఛార్జరు.

రేడియో నాటకాల్లో గొంతిచ్చే మనిషికి రికార్డరే చెయ్యీ కాలూ. వీధిలో అతణ్ణి గర్జన అంటారు. ఇన్నేళ్ళూ గర్జనకి దక్కినవన్నీ భటుల వేషాలే. ఇప్పుడు ఒక రాజు పాత్ర ఖాళీ పడింది. గొంతు రికార్డు చేసి సాయంత్రంలోగా పంపమన్నారు.

ఆ రోజే భార్య బదిలీ గురించి ఆఫీసువాళ్ళు లాప్‌టాప్‌లో మాట్లాడతామన్నారు. ఆమెని పొమ్మంటున్నది రేడియో స్టేషను ఊసే లేని ఊరికి. బదిలీ ఆగకపోతే రాజూ లేడు, భటుడూ లేడు.

"కూరలు తెండి." భార్య సంచీ చేతిలో కుక్కింది. "నా మాటలయ్యేదాకా ఇంటి ఛాయలకి రాకండి."

"నేనుంటే నీకేం అడ్డం?"

"మీరు కాదు. మీ గొంతు."

"మీ తమ్ముణ్ణి ఛార్జరు తెమ్మను. ఇప్పుడే వెళ్తా."

"పాపం, మర్చిపోయుంటాడు."

"మర్చిపోవడమా! మనింట్లో భోజనం వేళ ఏనాడైనా మర్చిపోయాడా?"

రికార్డరులో బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ఫోను ఛార్జరు పెడితే రికార్డింగు నిండా కందిరీగల రొద. లాప్‌టాప్ కరెంటైతే చడీచప్పుడూ ఉండదు. కాకపోతే ఆ లాప్‌టాప్‌ని అతను ముట్టుకోకూడదు. కిందటిసారి ముట్టుకున్నప్పుడు చేతిలో కాఫీ కూడా ఉంది.

భార్య తల దువ్వుకుంటుంటే పొడుగాటి వైరు ఒకటి లాప్‌టాప్ వెనక గుచ్చాడు. తలుపు కిందుగా పక్కగదిలోకి లాగాడు. సంచీ ఊపుకుంటూ వీధి తలుపు దఢాలున వేసి, పెరటి తలుపులోంచి పిల్లిలా లోపలికొచ్చాడు. పక్కగది అలమారలో దూరి, బొంత కప్పుకుని కూర్చున్నాడు. అతను రికార్డింగులన్నీ చేసేది అక్కడే. బొంతల మధ్య గొంతు గోడలకి తగిలి మోగదు, బయటికీ పెద్దగా పోదు.

వైరు తగిలించగానే రికార్డరు ఏదో అడిగింది. కళ్ళద్దాలు వంటింట్లో ఉన్నాయి. దాని తెర మీది రెండు మాటల్లో పైదాన్ని నొక్కాడు. దీపం వెలిగింది. అంతకన్నా ఏం కావాలి?

"ఎవరక్కడ!" అని గర్జించాడు. "ఈ ద్రోహుల్ని కోటగోడ మీంచి తోసెయ్యండి! నా మాట కాదన్నవాడి తల నాకు కావాలి!"

బాగా వచ్చింది. మళ్ళీ అన్నాడు. ఇంకా బాగా వచ్చింది. మూడోసారి తల అడిగేసరికి అలమార తలుపు తెరుచుకుంది.

భార్య. లాప్‌టాప్ నుంచి ఊడొచ్చిన ఇయర్‌ఫోన్లు మెడలో వేలాడుతున్నాయి. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆమె వైరు వంక చూసింది, రికార్డరు వంక చూసింది, బొంతలో ఉన్న మొగుడి వంక చూసింది.

గర్జన తిట్లకి సిద్ధపడి కళ్ళు మూసుకున్నాడు.

తిట్లు రాలేదు. "మందు వేసుకున్నారా అండీ?" అంది భార్య. అంత మెత్తటి గొంతు పెళ్ళిచూపుల తర్వాత అతను వినలేదు.

"మందేమిటి? నాకేం రోగం?"

"అలమారలో ఎందుక్కూర్చున్నారు?"

"ఎప్పుడూ ఇక్కడేగా కూర్చుంటాను! కొత్తగా అడుగుతావేం?"

"మీరెవరో గుర్తుందా?"

"రాజుని!" అతనికి ఒళ్ళు మండింది. "ఎన్నాళ్ళని భటుడిగా పడుండమంటావు? ఈసారి రాజుని నేనే! మధ్యలో మీ తమ్ముడు నా కరెంటు ఎత్తుకుపోయాడు!"

భార్య వంగి రికార్డరుని నోటి దగ్గర పెట్టుకుంది. "విన్నారు కదా సార్. మా ఆయనకి బాగాలేదంటే మీరు నమ్మలేదు. ఈ మనిషిని ఎవరి చేతుల్లో పెట్టి రమ్మంటారు?"

అవతలి గదిలో లాప్‌టాప్‌లోంచి ఆఫీసు పెద్దాయన గొంతు వణుకుతూ వచ్చింది. "వద్దమ్మా, వద్దు. మీరెక్కడికీ కదలకండి. బదిలీ ఆపేస్తున్నాం. ముందు ఆయనకి అందకుండా కత్తిపీట దాచండి."

మాటలు ముగిశాక ఆమె వైరు పీకింది.

"మీ డబ్బా లాప్‌టాప్‌కి మైకై కూర్చుంది, నా మైకు పోయింది. నేనేమన్నా అక్కడ వినపడ్డం లేదు, మీరే వినపడుతున్నారు. మంచంలో ఉన్నారని నేను చెప్పిన మనిషి తలలు అడుగుతుంటే నా ప్రాణం పోయిందనుకోండి."

"అంటే... నాకు పిచ్చా?"

"ఊరు దక్కింది. సంతోషించండి."

అతను రికార్డరు తడిమాడు. మైకుగా మారిన డబ్బా ఒక్క ముక్క కూడా దాచుకోలేదు. సాయంత్రానికి ఇంకా వ్యవధి ఉంది కదా అని బొంత సర్దుకుంటుండగా వీధి తలుపు చప్పుడైంది. ఆఫీసువాళ్ళు. చేతుల్లో పళ్ళు. పరామర్శకి.

"పడుకోండి." భార్య మంచం వైపు నెట్టింది. "నోరు విప్పారో, ఇద్దరం వెళ్ళి ఆ ఊళ్ళో పడతాం."

వాళ్ళు చీకటి పడేదాకా కదల్లేదు, గొంతు పంపాల్సిన గడువూ దాటిపోయింది. పెద్దాయన దూరంగా, తలుపు పక్కనే కుర్చీ వేసుకున్నాడు. పోతూపోతూ గుమ్మంలో ఆగి, "ఏ మాటకామాటే చెప్పుకోవాలి. గొంతు మాత్రం నిజంగా రాజుదేనమ్మా," అన్నాడు.

రాజు దుప్పటి కప్పుకుని గోడ వైపు తిరిగాడు. ఆనాటి సంగతి మళ్ళీ ఎత్తలేదు.