పొత్రానికి చలి పెట్టిన రోజు

డిసెంబరు నెలలో సుల్తానాబాద్‌లో కుక్కలు కూడా ఎండ వచ్చేదాకా బూడిద కుప్ప విడిచి లేవవు. అలాంటి ఒక పొద్దున చంద్రవ్వ తన మనవణ్ణి తొట్టెల్లో వేసే ముచ్చట పెట్టుకుంది. పెద్ద ఆర్భాటమేమీ కాదు. చుట్టాలు వస్తారు, నాలుగు పాటలు పాడి పిల్లవాణ్ణి తొట్టెల్లో వేస్తారు, మటన్ కూరతో అన్నం తిని బస్సెక్కుతారు. అంతే అనుకున్నారు.

అయితే చుట్టాల కంటే ముందే వాళ్ళ స్వెటర్లు వచ్చేశాయి. చలికాలం పసివాడికి ఏం పెట్టాలా అని ఎవరూ బుర్ర గోక్కోలేదు. మంచిర్యాల నుంచి ఉన్ని టోపీ వచ్చింది. హుజూరాబాద్ నుంచి కుచ్చుల స్వెటరు వచ్చింది. పక్కింటి బిస్మిల్లా బీ అయితే సొంతంగా మేజోళ్ళే అల్లింది. ఎవరిది తొడగకపోతే వాళ్ళు మూతి ముడుస్తారని చంద్రవ్వ అందరివీ ఒకదాని మీద ఒకటి తొడిగింది. పిల్లవాడు ఏడిస్తే కాళ్ళు పట్టి చూసేది. పసివాళ్ళ కాళ్ళు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి కదా! "అయ్యో, సలి పెడుతుంది నా తండ్రికి" అని ఇంకొకటి చుట్టేది. వాడు గొంతు పెంచేవాడు. ఆమె దుప్పటి పెంచేది.

కోడలు మమతారాణికి ఇది కడుపు మంట. దవాఖాన నుంచి పంపేటప్పుడు సిస్టరమ్మ చెప్పిన మాట ఆమెకు బాగా గుర్తుంది.

"అత్తమ్మా, కాళ్ళు చేతులు గాదు, జర మెడ ఎనక చెయ్యి పెట్టి సూడు. చెమటకు తడిసి ముద్దయిండు. ఉడుకపోసి ఏడుస్తుండు పోరడు."

"డిసెంబర్ల ఉడుకపోసుడేందే? మేం పిల్లల్ని సాదలేదా? నీ మొగణ్ణి గిట్లనే చుట్టి పెంచిన."

"అందుకే ఆయనకు గీ సలిల సుత ఫ్యాన్ లేంది నిద్ర పట్టదు."

పక్క షెడ్డులో మరమగ్గం నడుపుతున్న మమత మొగుడు అరుణ్‌కుమార్‌కు ఈ మాట వినపడింది. వినపడనట్టు దారం సర్దుకున్నాడు. పెళ్ళయిన మగవాడికి మగ్గం చప్పుడంత మంచి చుట్టం లేదు.

మాటా మాటా పెరిగింది. చివరికి చంద్రవ్వ కొంగు నడుముకు దోపి తీర్పు చెప్పేసింది.

"ఇగో మమతా, ఇయ్యాల చుట్టాలు పోయెటాలకు పోరడు నీ చేతిల నిమ్మళంగ పండితె, ఇగ నీ ఇష్టం, నేను నోరు దెరువ. పండకుంటె, సలి పోయి శివరాత్రి వచ్చేదాకా నా మంచంల నా పక్కకే. నువ్వు పాలిచ్చి పోవుడే."

కన్నకొడుకును పక్కలో వేసుకోవడానికి కూడా పందెం గెలవాలా? అయినా మమత తల ఊపింది. చంద్రవ్వ మొగుడు దశరథం పేపరు దించకుండానే, "ఇద్దరి మాట ఇన్న. నన్ను నడుమల పెట్టకుండ్రి" అన్నాడు.

చంద్రవ్వ వంటకు పెద్ద గంజు గిన్నె తెద్దామని వెనక వాడకు, దశరథం పేపరు చంకన పెట్టుకుని చాయ్ హోటలుకు పోయిన కాసేపటికే ఆదిలాబాద్ బస్సు దిగి శెవంతాబాయి వచ్చింది. దశరథానికి అక్క. మహారాష్ట్ర సరిహద్దు ఊరికి కోడలుగా పోయిన మనిషి. వస్తూనే చెంగు బిగించి పనిలోకి దిగింది.

"మా దిక్కు పిల్లగాని కన్న ముందుగాల తొట్టెల్ల రాయిని పండవెడ్తం బిడ్డా. దిష్టంత రాయి తింటది. పోరడు రాయి లెక్క గట్టిగైతడు. ఏదీ, మసాలా నూరే పొత్రం ఏడుంది?"

పొత్రం పెరట్లో మంచులో పడి ఉంది. శెవంతాబాయి దాన్ని చన్నీళ్ళతో కడిగి, కాటుకతో కళ్ళు దిద్ది, బొట్టు పెట్టి, "దీనికి అంగీలు గిట్ల తొడగాలె గదనే, ఉన్నయా?" అంది.

మమత కళ్ళు మెరిశాయి. ఉన్నాయా అని అడగాలా? మంచిర్యాల టోపీ, హుజూరాబాద్ స్వెటరు, బిస్మిల్లా బీ మేజోళ్ళు అన్నీ కొడుకు ఒంటి మీద నుంచి ఒలిచి ఆమె చేతిలో పెట్టింది. పొత్రం బొద్దుగా ముస్తాబై, మొహం దాకా దుప్పటి కప్పుకొని తొట్టెల్లో పడుకుంది. శెవంతాబాయి గాజులు, పూలు తెస్తానని బజారుకు పోయింది. మమత కొడుక్కి ఒక పలుచని నూలు జుబ్బా ఉంచి, ఒక్క దుప్పటి కప్పి, షెడ్డు వెనక అర్రలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసింది. కిటికీలోంచి లేత ఎండ పడుతోంది. గోడ అవతల మగ్గం టకటకా కొట్టుకుంటోంది. కడుపులో ఉన్నప్పటి నుంచి విన్న జోలపాట అది. వాడు ఒకసారి ఆవులించి నిద్రపోయాడు. కంటి నిండా కునుకు లేని తల్లి కూడా వాడి పక్కనే ఒరిగింది.

గంజుతో తిరిగి వచ్చిన చంద్రవ్వకు కనిపించింది తొట్టెల, అందులో మూట. చుట్టుపక్కల కోడలు లేదు.

"సూసినవా, పోరణ్ణి గాలికి ఇడిసిపెట్టి పోయి పండింది" అనుకుంటూ టోపీ కిందికి వేలు పోనిచ్చింది. వేలు మంచుగడ్డకు తగిలినట్టయింది.

"ఓ అయ్యా! గిటు రా జర! పోరడు సల్లగయిండు!"

అప్పుడే హోటలు నుంచి వస్తున్న దశరథం పేపరు వదిలి పరుగెత్తుకొచ్చాడు. "ఏడుస్తలేడేందే?"

"సలికి గొంతు పట్టుకపోయింది. సప్పుడు చెయ్యకు. బాలింత, ఇంటె పరేషాన్ అయితది. ముందుగాల కుంపటి పెట్టు."

కుంపటి వచ్చింది. కేక విని బిస్మిల్లా బీ తన కొత్త రజాయి భుజాన వేసుకుని వచ్చింది. "యా అల్లా! ఫికర్ జెయ్యకు చంద్రవ్వక్కా, గిది కప్పితె గుర్రం సుత ఉడుకుతది" అని మూట మీద కప్పింది. చంద్రవ్వ ఉప్పు మూటతో కాపడం పెట్టింది. ఇంట్లో అందరికీ చెమటలు కారాయి. మూట మాత్రం చల్లగానే ఉంది.

దశరథం పోయి వాడకట్టు ఆరెంపీ డాక్టరు కైలాసాన్ని స్కూటరు మీద తెచ్చాడు. కైలాసం మూటను అటూ ఇటూ చూశాడు.

"చెయ్యేడుందవ్వా?"

"చెయ్యి బయటికి తియ్యకు, గాలి తగుల్తది."

"మొకం?"

"మొకం అసలే తియ్యకు!"

"మరి నేను ఏం సూడాలె, రజాయి డిజైనా?"

చంద్రవ్వ ఒక్క క్షణం తటపటాయించింది. "మా కోడలు మెడ కాడ సూడాలె అంటది. ఆడ పెట్టు."

కైలాసం థర్మామీటరును మెడ ఉండాల్సిన చోటికి పోనిచ్చి, తీసి చూశాడు. మళ్ళీ పెట్టి చూశాడు. "గీత లేస్తనే లేదు. నాతోని కాదు. కరీంనగర్ తీస్కపోవాలె, ఆటో పిలువుండ్రి."

చంద్రవ్వ పొద్దటి పట్టుదలంతా ఆవిరైంది. "నేను ఓడిన! అందరు ఇనుండ్రి, నేనే ఓడిన! నా మనవడు వెచ్చగైతె సాలు. వాడు తల్లి పక్కకే పండనీ, ఒక్క అంగీ తోనే పండనీ. ఇగ నేను అడ్డం వస్తె ఒట్టు!"

"నేను ఇన్న" అన్నాడు దశరథం. వంగి మూటను ఎత్తబోయి ముందుకు తూలాడు. "ఓరి! ఏం బరువున్నడే వీడు!"

"అన్ని ఏసినం, బరువుండడా?" అంది చంద్రవ్వ ఏడుస్తూనే.

రజాయి జారింది. దాని వెంట మంచిర్యాల టోపీ ఊడింది. నల్లటి నున్నటి తల, గుండ్రటి కాటుక కళ్ళు, ఎర్రటి బొట్టు. పొత్రం అందరినీ తీరిగ్గా చూస్తోంది.

సరిగ్గా అప్పుడే గాజుల సంచితో శెవంతాబాయి గడప తొక్కింది. "అయ్యో అయ్యో! నా పొత్రాన్ని కుంపటి కాడ ఎవలు పెట్టిండ్రే? కాటుకంత కారిపాయె!"

ముందుగా తేరుకున్నది బిస్మిల్లా బీ. "అంటె నేను కొత్త రజాయి రాయికి కప్పిన్నా?" అని దాన్ని గుంజుకుంది. కైలాసం థర్మామీటరు జేబులో పెట్టుకుంటూ, "జరమైతె లేదు. గంత వరకు నేను గ్యారంటీ" అన్నాడు.

"మరి మనవడేడి?"

అందరూ మగ్గాల షెడ్డు వైపు పరుగెత్తారు. గోల చూసి అరుణ్‌కుమార్ స్విచ్చి మీద చెయ్యి వేశాడు. అప్పటికే తలుపు సందులోంచి చూసిన చంద్రవ్వ, "మగ్గం ఆపకురా! పోరడు లేస్తడు!" అని గుసగుసగా అరిచింది.

లోపల తల్లీ కొడుకులు లేత ఎండలో పడుకుని ఉన్నారు. పిల్లవాడు జుబ్బాలో, పిడికిళ్ళు విప్పి, నోరు కొంచెం తెరిచి, జమీందారులా నిద్రపోతున్నాడు. చంద్రవ్వ అలవాటు కొద్దీ వాడి పాదం పట్టుకుంది. చల్లగా ఉంది. "సలి..." అని నోరు తెరిచి, ఆగి, చెయ్యి మెల్లగా వాడి మెడ వెనక్కి పోనిచ్చింది. వెచ్చగా ఉంది. చెమట చుక్క లేదు. ఆ చెయ్యిని చాలాసేపు అక్కడే ఉంచింది.

మమత కళ్ళు తెరిచింది. ఎదురుగా ఇంటిల్లిపాదీ. కుంపటి సెగకు ఎర్రబడ్డ అత్తమ్మ మొహం.

"ఏమైంది అత్తమ్మా?" అంటూ చంద్రవ్వ మెడ వెనక చెయ్యి పెట్టి చూసింది. "గింత చెమటేంది? ఇంద, ఒకటి తియ్యి" అని ఆమె మీది శాలువా తీసి పక్కన పెట్టింది.

దశరథం, "నేను నడుమల లేను గని, గెలిచింది ఎవలో మాత్రం సూసిన" అన్నాడు.

చుట్టాలు వచ్చాక పాటలు పాడి, తొట్టెల ఊపుతుంటే మంచిర్యాల చుట్టం, "మేం తెచ్చిన టోపీ ఏదమ్మా?" అని అడిగింది. చంద్రవ్వ చేతులు తిప్పుతూ, "టోపీలు గీపీలు గాదు ఒదినె. పసిపిల్లలకు మెడ ఎనక సూడాలె. వెచ్చగ, పొడిగ ఉండాలె. తెల్వకుంటె నన్నడుగుండ్రి" అని, వచ్చిన ప్రతి ఆడమనిషినీ కూర్చోబెట్టి పాఠం చెప్పింది. మమత అన్నం వడ్డిస్తూ నవ్వు ఆపుకుంది. ఆ రాత్రి నుంచి పిల్లవాడు తల్లి పక్కనే.

ఆ మాటకొస్తే, చంద్రవ్వ అన్నేసి చుట్టినా ఏడవకుండా పడుకున్నది ఇంతవరకు ఆ పొత్రం ఒక్కటే.