గుమ్మపు నక్షత్రంలో కాపిటాన్ గారి చిరునవ్వు

నాయకుడి ముఖం అంటించని గోడ కంటే దిక్కులేనిది లోకంలో మరొకటి లేదు! శుభాకాంక్షల పోస్టర్లను చూసి మూతి విరిచేవారిని నేను కృతఘ్నుల కోవలో వేస్తాను.

పాఠక మహాశయులారా, మా పంపాంగా సీమలో మా పేట పెద్ద కాపిటాన్ డెల్ఫిన్ గారినే తీసుకోండి. పండుగకూ, పరీక్షలకూ, వాన వచ్చినందుకూ, వెలిసినందుకూ ఆయన చిరునవ్వు గోడకెక్కుతుంది. సమస్త మృతుల దినాన శ్మశానం గేటు మీద బొటనవేలెత్తి నిలిచి, లోపలివారికి సైతం శుభాకాంక్షలు తెలిపిన ఉదారుడు. బతికున్నవారినే పలకరించని నాయకులున్న కాలంలో ఇది సామాన్యమా?

మా వీధిలో ఒక పసివాడు "అమ్మ" అనకముందే "కాప్" అన్నాడు. వాడికిక తప్పిపోయే భయం ఉందా? ఏ సందులో తేలినా తెలిసిన ముఖమే కదా!

అయితే ఈ పోస్టర్ల మహిమ సంపూర్ణంగా వెల్లడైంది అలింగ్ టినాంగ్ విషయంలో. కూతురు విషజ్వరం నుంచి బయటపడిన ఏట ఆ పెద్దావిడ ఒక మొక్కు మొక్కుకుంది. క్రిస్మస్ ముందటి తొమ్మిది వేకువ పూజలకూ చర్చి గుమ్మానికి తన చేతి నక్షత్రమే వేలాడాలి. తీగను ఐదు కోణాలుగా వంచి, పల్చటి కాగితం అంటించి, కింద రెండు కుచ్చులు కట్టి, ఏటా ఆ మొక్కు తీరుస్తూనే ఉంది.

ఈ ఏడు అలంకరణ కమిటీ పెద్ద నెనిత ఒక శాసనం చేసింది. పర్యావరణ హితార్థం నక్షత్రాలన్నీ చెత్తకాగితంతో, చెత్తతీగతోనే చేయాలి. ఇంకేముంది, పేటంతా చెత్త కొనడానికి బజారుకు పరుగెత్తింది! కొత్త పత్రికలు కొని నలిపారు. కొత్త తీగ కొని, తుప్పు పట్టడానికి ఉప్పునీళ్లలో నానవేశారు. ప్రకృతిమాతకు ఇంతకు మించిన సేవ ఉందా?

టినాంగ్ ఇంట్లో చెత్త అంటే పొయ్యి వెనక అంటించిన నిరుటి పోస్టర్లే. వాటిని స్తంభాలకు కట్టిన తీగనే సాగదీసి చట్రం చేసింది. దేవుడి గుమ్మానికి మనిషి బొమ్మ తగదని, ముఖాలు లోపలికీ తెలుపు బయటికీ వచ్చేలా అంటించింది. ఇది కొత్త కాగితం కాదని ఏమిటి నమ్మకమని నెనిత పట్టపగలు నిలదీసింది.

"కొత్తదైతే ఈ నూనె మరకలెక్కడివమ్మా?" అంది టినాంగ్.

నెనిత తృప్తిపడి, అది చెత్తేనని సంతకం చేసింది.

మొదటి వేకువ పూజకు నక్షత్రం లోపలి దీపం వెలిగించారు. ఐదు కోణాల్లోంచీ ఐదుగురు డెల్ఫిన్లు చిరునవ్వు నవ్వారు! గాయకబృందం శ్రుతి తప్పింది. ముగ్గురు జ్ఞానులు ఈ నక్షత్రాన్ని పట్టుకుని వస్తే ఎక్కడ తేలతారని బిబింకా రొట్టెలు కాల్చే ఆవిడను ఎవరో అడిగారు.

"పేట ఆఫీసులో. అక్కడా వరసలో నిలబడాలి," అందామె.

టినాంగ్ సిగ్గుతో చితికిపోయింది. దించితే మొక్కు చెడుతుంది, ఉంచితే అపచారం. నెనిత అవస్థ మరీ ఘోరం. దించితే కాపిటాన్ ముఖాన్ని తీసేసినట్టు, ఉంచితే ఆ ముఖం చెత్తని తానే ధ్రువీకరించినట్టు!

ఇంతలో కాపిటాన్ గారే వచ్చి, తలెత్తి చూసి కళ్లు తుడుచుకున్నారు. జ్ఞానస్నానం నాడు ఆయన్ని ఎత్తుకున్నది టినాంగే.

"జ్ఞానతల్లీ, నా మీద ఇంత ప్రేమ ఉందని ఎన్నడూ చెప్పలేదే," అన్నారు. వచ్చే ఏడు ప్రతి గుమ్మానికీ ఇలాంటిదే ఉండాలన్నారు.

"ప్రేమ కాదు నాయనా, చెత్త. కమిటీ కూడా ఒప్పుకుంది," అంది టినాంగ్.

కాపిటాన్ నెనితను చూశారు. నెనిత నేలను చూసింది. టినాంగ్ మాత్రం నిదానంగా వెళ్లి స్విచ్ ఆపేసింది.

"వేలాడాలనే మొక్కుకున్నాను. వెలగాలని అనలేదు."

మిగిలిన వేకువలన్నీ గుమ్మం చీకటిగానే ఉంది. తడుముకుంటూ లోపలికి నడిచాం. ఈ ఏడాదిలో మా కాపిటాన్ గారి ముఖం కనబడని చోటు అదొక్కటే దొరికింది. లోపల దివ్యశిశువు కోసం ఎదురుచూస్తున్న ఖాళీ పశుల తొట్టె పక్కన ఇన్నాళ్లూ ఒక చిన్న కొవ్వొత్తి వెలుగుతోందని ఆ చీకట్లోనే తెలిసింది.